అక్షరానికింత

అక్షరానికి నలభై రూపాయలు.
చుక్కకు లెక్క లేదు.

హలసూరు చెరువు దాటి, దండు గోడ లోపల,
నల్లరాతి పలక ముందు
పొద్దుటినుంచీ గొంతుక్కూర్చోని ఉన్నా.
కదిరి నుంచి తెచ్చుకున్న ఉలులు ఏడు,
మా నాయన చెమట పిడికింకా వదలని సుత్తి ఒకటి.
తాత గుడి మెట్లకు ఏనుగుల్ని చెక్కినాడు.
నాయన వీధి వీధీ తిరిగి రోళ్లకు గాట్లు పెట్టినాడు.
నేను పేర్లు చెక్కుతా ఉన్నా.

రాతికి ఇంగిలీషు రాదు, నాకూ రాదు.
కాగితంలో ఎట్లుంటే అట్ల.
'ఓ' అయితే గుండ్రం, మణికట్టు గుంజుతాది.
'ఐ' అయితే నిలువుగీత,
నలభై రూపాయలు ఊరికే వచ్చినట్టు.

నిన్న ఒకామె వచ్చింది,
పలమనేరులో తొలి బస్సెక్కి.
చెంగమ్మ.
సంచిలో సద్ది డబ్బా, కవర్లో మడిచిన జెండా.
దాన్ని ఉతకొచ్చునో లేదో
ఎవర్నడగాలో తెలీక
మూడేళ్లుగా ఆనాటి దుమ్ముతోనే ఉంచిందంట.

"మావాడిది ఏది నాయనా?"
వేలు పట్టి చూపించినా, వరసలో పదకొండోది.
కె. ముని.
ఐదక్షరాలు, రెండువందలు.
గాట్లు తడిమి తడిమి "ఇంతేనా" అనింది.
"మునిరత్నం గదా వాడు!
బళ్లో అయ్యవారు సగం రాసి ఊరకున్నాడు.
సగం పేరుతో పిలిచినా పలికేవాడు,
నేనూ పట్టించుకోలా.
రాతికెక్కుతాదని ఎవురికి తెలుసు?"
నవ్వింది. నేనూ నవ్వినా, ఎందుకో.

"మిగతాది ఎంతవుతాది?"
ఏడక్షరాలు. రెండువందల ఎనభై.
కొంగుముడి విప్పబోయింది.
రిజిస్టర్లో ఉండేదే రాతి మీద ఉండాల,
సుబేదారు రెండుసార్లు చెప్పినాడు.
కుదరదమ్మా అన్నా.
ముడి మళ్లీ బిగించుకునింది.

ఆమె అటు తిరిగినప్పుడు
'ముని' తర్వాత ఒక చుక్క పెట్టినా.
ఇంకా ఉంది అని.
చుక్కకు లెక్క లేదు గదా,
చూసేవాడూ లేడు.

అంతలో బ్యూగిల్ ఊదినారు,
రేపటి దినానికి సాధకం.
తలకిందులైన తుపాకులు, వంగిన టోపీలు.
రెండు నిమిషాలు ఉలి ఆపాల.
గోడకవతల ఆటో హారను ఆగలా,
ఎవరింట్లోనో కుక్కరు మూడో కూత వేసింది.
అందరూ నేల చూస్తా ఉంటే
చెంగమ్మ మాత్రం ఊదే పిల్లోడి బుగ్గల్నే చూసింది,
పొద్దున ఏమన్నా తిన్నాడో లేదో అన్నట్టు.

బేగూరు దిక్కు ఒక వీరగల్లు ఉంది.
పోయిన ఆదివారం చూసొచ్చినా.
కింద కత్తులు, గుర్రం, పడిపోయినోడు.
నడుమ ఇద్దరు దేవకన్యలు
రెక్కలు పట్టుకుని వాణ్ణి పైకి తీసుకుపోతా ఉంటారు.
మీద లింగం, పక్కన వాడే,
కాళ్లు మడుచుకోని నింపాదిగా.
మీసముంది, పేరు లేదు.
ఎవరో స్కూటర్ ఆనించినారు.
ఎవరో పసుపు పూసినారు,
ఎవరి బిడ్డో తెలీకనే.

నా రాతికి పేరుంది, మీసం లేదు.
పైకెట్లా పోయినాడో చెక్కమని
ఎవరూ చెప్పలా.
చెప్పింటే ఆ ఇద్దరు ఆడబిడ్డల్ని
లెక్క లేకుండా చెక్కుందును.

పోయేటప్పుడు అడిగింది చెంగమ్మ:
"కింద ఇంత జాగా ఎందుకు వదిలినారు?"

పలక సగం ఖాళీ.
నున్నగా పాలిష్ పట్టింది నేనే.
ఆమె మొహం, నా మొహం,
వెనక బ్యూగిల్ తుడుచుకుంటున్న పిల్లోడి మొహం
అందులో కనిపిస్తా ఉన్నాయి.
నేను చెప్పలా. ఆమె మళ్లీ అడగలా.
కొంగుతో ఆ ఖాళీని తుడిచి పోయింది,
పేరును కాదు.

ఆ జాగా అట్లే ఉండిపోవాలని
రాత్రి మొక్కుకున్నా.
ఉలులు తుప్పు పట్టినా సరే అనుకున్నా.
తెల్లారి బాడుగ సంగతి గుర్తొచ్చి
సానరాతి మీద నీళ్లు చల్లినా.